డ్రాక్యులా పట్టపగలు కూడా తిరిగేవాడు: హారర్ మూలాలపై అపోహలు - వాస్తవాలు

హారర్ స్క్రిప్టులు రాయడం నా వృత్తి. కథాచర్చల్లో "నవలలో ఇలాగే ఉంది కదా" అన్న మాట తరచూ వింటుంటాను. చాలాసార్లు నవలలో అలా ఉండదు. ఆ నవలలంటే నాకు ప్రాణం, అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: హారర్ సినిమాతోనే పుట్టింది.

వాస్తవం: సినిమాకి 130 ఏళ్ల ముందే, 1764లో హోరేస్ వాల్పోల్ 'ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' రాశాడు. పెళ్లి ముహూర్తానికి ఓ భారీ శిరస్త్రాణం మీద పడి పెళ్లికొడుకు నుజ్జునుజ్జవుతాడు. కోట కింది సొరంగంలో ఒంటరిగా పారిపోతున్న ఇసబెల్లా చేతిలోని దీపం గాలికి ఆరిపోతుంది. ఆ దీపాన్ని మేమంతా ఇప్పటికీ ఆర్పుతూనే ఉన్నాం.

అపోహ: ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన జీవికి మాటలు రావు.

వాస్తవం: మేరీ షెల్లీ 1818 నవలలో ఆ జీవి మిల్టన్ కావ్యం చదువుతుంది, సృష్టికర్తతో ముఖాముఖి వాదిస్తుంది, తనకో తోడు కావాలని అడుగుతుంది. దాని నోరు కట్టేసింది నాటకరంగం: 1823లో లండన్‌లో ఆడిన రిచర్డ్ బ్రిన్‌స్లీ పీక్ నాటకంలో ఆ పాత్ర మూగది. ఫ్రిట్జ్ అనే సహాయకుడూ అక్కడే పుట్టాడు. 1931లో జేమ్స్ వేల్ తీసిన సినిమాకూ ఆధారం పెగ్గీ వెబ్లింగ్ రాసిన మరో నాటకమే. ఆ సినిమాలో జీవికి కనిపించే బల్లపరుపు తల మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ చలవ. నవలలో ప్రాణం పోసుకునే ఘట్టం ఎంత చిన్నదో చూడండి: నవంబరు రాత్రి, కిటికీ మీద వాన, కొడిగడుతున్న కొవ్వొత్తి, తెరుచుకున్న ఒక పసుపుపచ్చ కన్ను. అంతే. అసలు భయం ఆ తర్వాత, ఆ జీవి వాదనలో న్యాయముందని మనకు తోచినప్పుడు మొదలవుతుంది. ఆ గొంతు తీసేస్తే కథలో సగం పోయినట్టేనని నా అభిప్రాయం.

అపోహ: ఎండ సోకితే డ్రాక్యులా మాడిపోతాడు.

వాస్తవం: బ్రామ్ స్టోకర్ నవలలో (1897) అతను పట్టపగలు లండన్ పికడిల్లీ వీధిలో నిలబడి, బండిలో కూర్చున్న ఒక అందమైన అమ్మాయిని చూస్తుంటాడు. పగలు అతని శక్తులు తగ్గుతాయి గానీ ప్రాణం పోదు. చివరికి చచ్చేది కత్తులకు. సూర్యకాంతితో చావు మూర్నో తీసిన 'నోస్ఫెరాటు' (1922) ద్వారా వచ్చింది. హక్కులు కొనకుండా తీశారని స్టోకర్ భార్య ఫ్లారెన్స్ దావా వేసింది, ప్రింట్లన్నీ ధ్వంసం చేయమని కోర్టు తీర్పిచ్చింది. కొన్ని ప్రింట్లు మిగిలాయి. వాటితోపాటే ఆ సూత్రమూ నిలిచింది.

అపోహ: ఎవరో తీసి వదిలేసిన దృశ్యాలు తర్వాత బయటపడ్డట్టు కథ చెప్పే "దొరికిన వీడియో" తరహా కథనం కెమెరాలు చవకయ్యాక వచ్చిన ఆలోచన.

వాస్తవం: ఒట్రాంటో మొదటి ముద్రణే పాత ఇటాలియన్ ప్రతికి అనువాదమని చెప్పుకుంది. 'డ్రాక్యులా' మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు. డాక్టర్ సీవర్డ్ అయితే తన డైరీని ఫోనోగ్రాఫ్‌లో చెప్పి రికార్డు చేస్తాడు. డ్రాక్యులా బారిన పడ్డ లూసీ అనే అమ్మాయికి రక్తం ఎందుకు తగ్గిపోతోందో ఆ డాక్టరుకి అంతుపట్టదు. డ్రాక్యులా కోటలో బందీగా గడిపిన హార్కర్ రాసిన డైరీని అతనింకా చూడలేదు. మనం అప్పటికే చదివేశాం.