ఒక్క ఆకూస్టిక్ గిటార్ మీద జాజ్ స్టాండర్డ్స్: అపోహలు - వాస్తవాలు

సినిమా పాటలు చక్కగా వాయించేవాళ్లు కూడా జాజ్ పేరెత్తగానే వెనక్కి తగ్గడం చూస్తుంటాను. అది మనకు అందేది కాదని ఎవరో చెప్పి ఉంటారు, లేదా కార్డుల (కలిపి మోగించే స్వరాల) చార్ట్ చూసి బెదిరి ఉంటారు. నిజానికి స్టాండర్డ్స్‌లో చాలావరకు 1920ల నుంచి 1950ల మధ్య అమెరికాలో నాటకాలకు, సినిమాలకు కట్టిన పాటలే. జాజ్ వాళ్లు వాటిని తీసుకుని తరతరాలుగా వాయిస్తున్నారు. అంటే పాట మనకు కొత్త కావచ్చు గానీ, పాట మీద ప్రేమతో వాయించడం మనకు కొత్త కాదు.

అపోహ: జాజ్‌కి ఎలక్ట్రిక్ గిటార్ కావాల్సిందే.

1920ల్లో జాజ్ గిటారిస్ట్ ఎడ్డీ లాంగ్ వాయించిందంతా ఆకూస్టిక్ గిటార్ మీదే. గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 అనే ఎలక్ట్రిక్ గిటార్‌ని తెచ్చింది 1936లో. ఆ తర్వాత కూడా ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో చనిపోయేదాకా కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో ఆంప్లిఫయర్ లేకుండానే రిథమ్ వాయించారు. నైలాన్ తీగల గిటార్ మీద చార్లీ బర్డ్, ఎర్ల్ క్లూ ఏం చేశారో వింటే ఈ మాట మళ్లీ ఎవరూ అనరు.

అయితే ఒక తేడా నిజంగానే ఉంది. స్టీల్ తీగల ఆకూస్టిక్‌లో స్వరం చాలాసేపు మోగుతూనే ఉంటుంది. కార్డు మారినా పాత బేస్ (మంద్ర) స్వరం కింద మోగుతుంటే రెండూ కలిసి బురదలా అయిపోతాయి. కాబట్టి స్వరాన్ని మీటడం ఎంత నేర్చుకుంటారో, బొటనవేలి పక్క భాగంతోనో ఎడమచేతి వేలి కొనతోనో దాన్ని సమయానికి ఆపడం కూడా అంత నేర్చుకోవాలి. దీని గురించి పాఠాల్లో చాలా తక్కువ చెబుతారు. నా దృష్టిలో సోలో గిటార్‌లో సగం పని ఇదే.

అపోహ: జాజ్ అంటే పెద్ద పెద్ద కార్డులు, ఆరు స్ట్రింగ్స్ నిండా స్వరాలు.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. జోసెఫ్ కోస్మా స్వరపరిచిన ఫ్రెంచ్ పాట ఒకటి ఉంది. జానీ మెర్సర్ ఇంగ్లిష్ మాటలు రాశాక 'ఆటమ్ లీవ్స్' పేరుతో ప్రపంచమంతా తెలిసింది. దాన్ని E మైనర్ కీలో వాయిస్తే మొదటి మూడు కార్డులు ఎ మైనర్ సెవెన్, డి సెవెన్, జి మేజర్ సెవెన్. కొత్తవాళ్లు ఐదో ఫ్రెట్ మీద బారె పట్టి (ఒకే వేలితో స్ట్రింగ్స్ అన్నీ నొక్కి), మెలొడీలోని సి స్వరం కోసం చిటికెన వేలిని ఎనిమిదో ఫ్రెట్ దాకా సాగదీస్తారు. పాట మొదలుకాకముందే చెయ్యి నొప్పి పుడుతుంది.

దీన్నే ఇలా వాయించి చూడండి. ఐదో స్ట్రింగ్ ఓపెన్‌గా మీటండి, అది ఎ. ఒకటో స్ట్రింగ్, రెండో స్ట్రింగ్ రెండింటినీ ఎనిమిదో ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో నొక్కండి, అవి సి, జి. మూడే స్వరాలు, ఎ మైనర్ సెవెన్ వచ్చేసింది, మెలొడీ పైనే ఉంది. ఇప్పుడు బేస్‌ని నాలుగో స్ట్రింగ్ ఓపెన్‌కి మార్చి, రెండో స్ట్రింగ్ మీది స్వరాన్ని మాత్రం ఏడో ఫ్రెట్‌కి దించండి. జి కాస్తా ఎఫ్ షార్ప్ అయింది, డి సెవెన్ వచ్చింది. మెలొడీలోని సి కదల్లేదు. తర్వాత ఆ సి కూడా ఏడో ఫ్రెట్‌కి దిగి బి అవుతుంది. నాలుగో స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ దగ్గర జి పట్టుకుంటే జి మేజర్ సెవెన్. మూడు కార్డుల్లో పైన రెండు స్వరాలూ ఒక్కొక్కటి ఒక్క ఫ్రెట్ మాత్రమే కదిలాయి. ఈ చిన్న జారుడే చెవికి జాజ్‌లా వినిపిస్తుంది.

ఇందులో ఏం వదిలేశామో గమనించండి. మూడింట్లోనూ ఐదో స్వరం (కార్డు పేరులోని స్వరం నుంచి లెక్కిస్తే ఐదోది) లేదు. కార్డు మేజరా మైనరా అని చెప్పేది మూడో స్వరం, తర్వాత కార్డు వైపు లాగేది ఏడో స్వరం. మామూలు ఐదో స్వరమైతే బేస్ తీగ మోగినప్పుడు దాని ఓవర్‌టోన్స్‌లో (దాంతోపాటు సన్నగా మోగే పై స్వరాల్లో) ఎలాగూ కొంత వినిపిస్తూనే ఉంటుంది. అయితే అదే పాటలో తర్వాత వచ్చే ఎఫ్ షార్ప్ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ లాంటి చోట ఐదో స్వరమే మారింది కాబట్టి దాన్ని వినిపించాల్సిందే. ఏది వదలాలో కార్డు పేరే చెబుతుంది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, లావు స్ట్రింగ్స్ మీద దగ్గర దగ్గర స్వరాలు రెండు పెట్టకండి. అక్కడ ఒక్క బేస్ స్వరం చాలు. ఫ్రెడ్డీ గ్రీన్ చాలాసార్లు ఒకటి రెండు స్వరాలే మోగేలా వాయించేవారు, అంత పెద్ద ఆర్కెస్ట్రాకీ అవే సరిపోయాయి.

అపోహ: బేస్, కార్డులు, మెలొడీ మూడూ ఒకేసారి, ఆపకుండా నడవాలి.

గిటారిస్ట్ జో పాస్ 1973లో రికార్డు చేసిన 'వర్చువోసో' ఆల్బమ్ వినండి. మొత్తం ఒక్క గిటారే. శ్రద్ధగా వింటే ఆయన ఒక లైన్ విడిగా పరిగెత్తిస్తారు, మధ్యలో ఒక కార్డు పెడతారు, కొన్ని బార్లు (పాటని సమానంగా విడదీసే తాళం కొలతలు) బేస్ నడిపిస్తారు, మళ్లీ మెలొడీకి వస్తారు. మూడూ ఉన్నాయన్న భ్రమ వినేవాళ్ల చెవిలో పుడుతుంది. మీరు ఆపిన బేస్‌ని వాళ్లే మనసులో కొనసాగిస్తారు. కాబట్టి మెలొడీ ఊపిరి తీసుకునే చోట మాత్రమే కార్డు పెట్టి చూడండి, పాట వెంటనే తేలికవుతుంది.

అపోహ: జాజ్ అంటే తోచింది వాయించడమే కదా!

కాదు. 'ఆటమ్ లీవ్స్'కి 32 బార్లు ఉంటాయి. సోలో ఎంత దూరం వెళ్లినా అదే చక్రం తిరుగుతుంటుంది, ఏ బార్‌లో ఉన్నారో ఎప్పుడూ తెలిసి ఉండాలి. కర్ణాటక కచేరీలో కల్పన స్వరాలు ఎడుపుకి (పల్లవి ఎత్తుకునే చోటుకి) వచ్చి చేరడం విన్నవాళ్లకు ఈ క్రమశిక్షణ గురించి వేరే చెప్పక్కర్లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు 'రిమెంబర్ శక్తి' బృందంలో జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. రాగం వేరు, కార్డుల నడక వేరు. ఆ తేడాని చిన్నది చేసి చెప్పను. కానీ లెక్క తప్పకుండా స్వేచ్ఛగా ఉండడం రెండుచోట్లా ఒకే విద్య.

అపోహ: 'రియల్ బుక్'లో ఉన్నదే అసలు పాట.

అది 1970ల్లో బోస్టన్‌లోని బర్క్‌లీ కాలేజీ విద్యార్థులు అనుమతుల్లేకుండా తయారుచేసుకున్న జాజ్ పాటల నొటేషన్ పుస్తకం. చట్టబద్ధమైన ముద్రణ 2004లో గానీ రాలేదు. ఉపయోగపడుతుంది, తప్పులూ ఉన్నాయి. ముందు ఎవరైనా గాయకులు పాడింది వినండి, మాటలు తెలుసుకోండి. వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే గిటార్ మీద మెలొడీని ఎక్కడ ఆపాలో తెలియదు. ఇంకొకటి, గిటార్ రాసినదానికంటే ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద మోగుతుంది. పుస్తకంలో ఉన్నట్టే వాయిస్తే మెలొడీ మధ్య స్ట్రింగ్స్‌లోకి దిగిపోయి కార్డుల్లో మునిగిపోతుంది. ఒక ఆక్టేవ్ పైకి ఎత్తండి. పైన చెప్పిన ఎనిమిదో ఫ్రెట్ సి అలా వచ్చిందే.

పొడుగు వేళ్లుండాలనే మాటకి ఒక్క పేరు చాలు: జాంగో రైన్‌హార్ట్. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దాదాపు పనిచేయకుండా పోయాక కూడా, 1937లో తోడు ఎవరూ లేకుండా సోలో గిటార్ రికార్డు చేశారు.

ఇక వేగం. నెమ్మది పాటలే తేలిక అనుకుని అందరూ వాటితో మొదలుపెడతారు, కానీ స్వరాల మధ్య ఖాళీ పెరిగేకొద్దీ కాలం జారిపోతుంది. మధ్యస్థంగా నడిచే పాట పట్టుకోండి. మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే పరికరాన్ని) సగం వేగానికి పెట్టి, దాని చప్పుడు ప్రతి బార్‌లో రెండో బీట్, నాలుగో బీట్ మీద పడుతోందనుకుని వాయించండి. మొదట రెండు మూడు బార్లకే తప్పిపోతారు. అప్పుడు కార్డులన్నీ తీసేసి మెలొడీ ఒక్కటే వాయించండి, అది కుదిరాక బేస్ కలపండి, మధ్య స్వరం ఆ తర్వాతే.