ఇంటి మందులు, వార్డు చార్టు: మధ్యలో జారిపోయేవి

రోగి ఇంట్లో వాడే మందులన్నీ రాసుకోవాలి. ఆస్పత్రిలో రాసినవాటితో పోల్చాలి. తేడా కనిపిస్తే డాక్టరునడిగి తేల్చుకోవాలి. మెడికేషన్ రికన్సిలియేషన్ అంటే ఇంతే. అయినా దీన్ని అమలు చేయించడంలో పెద్ద సంస్థలే తడబడ్డాయి.

వైద్యంలో పొరపాట్లవల్ల అమెరికా ఆస్పత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతుండవచ్చని 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక అంచనా వేసింది. అక్కడే ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2005లో రికన్సిలియేషన్‌ను భద్రతా లక్ష్యాల్లో చేర్చింది. ఆస్పత్రులు చేయలేక చేతులెత్తేయడంతో 2009లో తనిఖీ మార్కుల్లోంచి తప్పించి, 2011లో సడలించి మళ్లీ తెచ్చింది. మందులవల్ల జరిగే తీవ్రమైన, తప్పించదగ్గ హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలుపునిచ్చింది. మన దగ్గర ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లోనూ ఈ అంశముంది. ఫారాలైతే నిండుతున్నాయి. వాటిలో రాసిందంతా నిజమేనా అన్నది వేరే సంగతి.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి వచ్చినవాళ్లను ఏం వాడుతున్నారని అడిగితే, "బీపీకొకటి, షుగరుకొకటి" అంటారు. కంటి చుక్కలు, ఇన్‌హేలరు వాళ్ల లెక్కలో మందులే కావు. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ చార్టులో రోజువారీగా పడిందంటే ఎముక మజ్జ దెబ్బతింటుంది. అందుకే మందుల సంచి తెప్పించి చూడాల్సిందే. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన షీటు ముక్కమీద పేరు సగమే ఉంటుంది. ఊళ్లో డాక్టరు బీపీకి ఒక కంపెనీ టెల్మిసార్టాన్, చెన్నై డాక్టరు ఇంకో కంపెనీది రాసి ఉంటారు. పేర్లు వేరు కదా అని రెండూ వేసుకుంటే బీపీ పడిపోతుంది.

ఇన్సులిన్ దగ్గర మరీ జాగ్రత్త. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 100 రకాన్ని 40 సిరంజితో 20 గీత దాకా లాగితే అర మి.లీ. వస్తుంది, అంటే 20కి బదులు 50 యూనిట్లు. కాబట్టి ఎన్ని యూనిట్లని అడిగి ఊరుకోకూడదు, సిరంజి మూత రంగు కూడా అడగాలి: 40కి ఎరుపు, 100కి నారింజ.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చినప్పుడు, డిశ్చార్జ్ అప్పుడు ఇదంతా మళ్లీ చేయాలి. ఐసీయూలో ఆపిన బీటా బ్లాకరును (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందును) తిరిగి మొదలుపెట్టడం మరిచిపోతారు. డిశ్చార్జ్ సమ్మరీలో కొత్త మందులే ఉంటే, ఇంటికెళ్లాక పాత షీటు కూడా మళ్లీ బయటికొస్తుంది. ఆపేసిన ప్రతి మందునూ, ఆపిన కారణాన్నీ విడిగా రాయాలి. ఏవి వేసుకోవాలో, ఏవి మానాలో ఇంటివాళ్ల చేత తెలుగులో ఒకసారి చెప్పించుకున్నాకే పంపాలి.