సెల్ఫ్ ఫ్యూజు పదే పదే ఎందుకు పోతుంది?

తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. ఫ్యూజు బాక్సు తెరిస్తే స్టార్టర్ అని రాసి ఉన్న చోట చిన్న ఫ్యూజు కాలిపోయి ఉంటుంది. కొత్తది వేస్తే బండి కదులుతుంది, నాలుగు రోజులకు మళ్లీ అదే కథ. తిరుపతిలో టాక్సీ నడిపేవాళ్లకు ఇదెంత టెన్షనో చెప్పనక్కర్లేదు. రేణిగుంట విమానాశ్రయం దగ్గర ప్యాసింజర్లు ఎక్కి కూర్చున్నాక బండి మొరాయిస్తే ఆ పూట సంపాదన పోయినట్టే. అందుకే షెడ్డుకు రాగానే "అన్నా, ఇరవై నిలబడట్లేదు, ముప్పై వేసెయ్" అంటారు.

ఆ పని మాత్రం చేయకూడదు. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని (కరెంటును దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుందని శాస్త్రవేత్త జేమ్స్ జూల్ 1841లోనే ప్రచురించాడు. అంటే 20 ఆంపియర్ల పసుపు రంగు ఫ్యూజు తీసి 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెడితే, ఫ్యూజు తెగేలోపు వైరు భరించాల్సిన వేడి ఒకటిన్నర రెట్లతో ఆగదు, రెండుంపావు రెట్లవుతుంది. ఫ్యూజు నిలబడుతుంది, దాని బదులు డ్యాష్‌బోర్డు వెనక వైరు కరుగుతుంది. ఆ వైరు పక్కనే ఇంకో ఇరవై వైర్లుంటాయి.

మరి ఏం చేయాలి? ముందు ఆ ఫ్యూజు గుండా వెళ్లే కరెంటు ఏదో తెలియాలి. చాలామంది అనుకునేదేమిటంటే, సెల్ఫ్ మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగడం వల్ల ఫ్యూజు పోతోందని. కానీ చిన్న పెట్రోలు కారు మోటారు కూడా ఇంజిన్ తిప్పేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. అంత కరెంటు 20 ఆంపియర్ల ఫ్యూజులోంచి పోయే ప్రసక్తే లేదు. దానికి బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకు లావుపాటి కేబుల్ ఉంటుంది. చాలా కార్లలో ఆ కేబుల్‌కు అసలు ఫ్యూజే ఉండదు. మన చిన్న ఫ్యూజు కాపాడేది ఆజ్ఞ మోసుకెళ్లే దారిని. తాళం, క్లచ్ స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దాటి ఆ దారి మోటారు నెత్తిన కూర్చున్న సోలెనాయిడ్ అనే అయస్కాంత స్విచ్ దగ్గర ముగుస్తుంది.

ఈ సోలెనాయిడ్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. అందులో రాగి తీగ చుట్టలు రెండుంటాయి. ఒకటి ప్లంజరును, అంటే మధ్యలో కదిలే ఇనుప కడ్డీని, బలంగా లోపలికి లాగుతుంది, రెండోది లాగిన దాన్ని పట్టి ఉంచుతుంది. నిండు గంప తలకెత్తుకోవడానికి ఇంకో మనిషి చెయ్యి వేయాలి, ఎత్తుకున్నాక మోయడానికి ఒకరు చాలు. ఇక్కడా అంతే. ఉదాహరణకు పట్టి ఉంచే చుట్ట నిరోధం 1.2 ఓమ్‌లు, లాగే చుట్టది 0.4 ఓమ్ అనుకుందాం. 12 వోల్టుల దగ్గర పట్టి ఉంచేది 10 ఆంపియర్లు, లాగేది 30 తీసుకుంటాయి. తాళం తిప్పిన క్షణాన మొత్తం 40.

20 ఆంపియర్ల ఫ్యూజు 40ని ఎలా తట్టుకుంటుంది? కాసేపే కాబట్టి తట్టుకుంటుంది. వాహనాల ఫ్యూజులకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8820 ప్రకారం ఇలాంటి బ్లేడు ఫ్యూజు (రెండు చదును కాళ్లున్నది) తన రేటింగుకు రెట్టింపు కరెంటును కనీసం 0.15 సెకను ఓర్చుకోవాలి, 5 సెకన్లలోపు తెగిపోవాలి. బాగున్న సోలెనాయిడ్ అంతకంటే ముందే తన పని ముగిస్తుంది. ప్లంజరు లోపలికి వెళ్లి రాగి కాంటాక్టులను కలపగానే బ్యాటరీ కరెంటు మోటారుకు చేరుతుంది. లాగే చుట్ట రెండో కొస కలిసి ఉన్నది ఆ మోటారు వైపే. దాంతో చుట్టకు రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ వచ్చి అందులో కరెంటు ఆగిపోతుంది. ఇక 10 ఆంపియర్లే మిగులుతాయి. ఇంత చక్కటి ఏర్పాటుకు ఎలక్ట్రానిక్స్ ఏమీ అక్కర్లేదు, రెండు చుట్టలను కలిపిన తీరుతోనే సాధించారు. నాకు మొత్తం కారులో బాగా నచ్చే భాగం ఇదే.

ఇప్పుడు ఆ కాంటాక్టులు మాడిపోయాయనుకోండి. ప్లంజరు వెళ్లి తగులుతుంది, "టక్" మని శబ్దం కూడా వస్తుంది, కానీ మోటారుకు కరెంటు అందదు. లాగే చుట్టలో ప్రవాహం ఆగదు. డ్రైవరు ఇంకాస్త సేపు తాళం తిప్పి పట్టుకుంటాడు. ఆ 40 ఆంపియర్లు సెకన్ల తరబడి పారి ఫ్యూజు పోతుంది. వైర్లో షార్టు లేదు, ఫ్యూజులో లోపం లేదు, అరిగింది రెండు రాగి బిళ్లలు. బ్యాటరీ బాగా దిగినప్పుడు కూడా దాదాపు ఇదే జరగవచ్చు. సోలెనాయిడ్ పట్టు నిలవక టకటకా కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ లాగే చుట్ట మళ్లీ కరెంటు అందుకుంటుంది.

కాలిన ఫ్యూజును పారేయకుండా వెలుతురులో పట్టి చూడండి. లోపలి జింకు పట్టీ మధ్యలో మెత్తగా కరిగి చిన్న ఖాళీ మాత్రమే ఉండి, ప్లాస్టిక్ శుభ్రంగా ఉంటే, కరెంటు కొంచెం ఎక్కువగా కొంతసేపు పారిందని అర్థం. సోలెనాయిడ్ మీద అనుమానపడాలి. లోపలంతా నల్లగా మసిబారి లోహం చిమ్మినట్టుంటే అది నేరుగా షార్టు. ఎక్కడో వైరు బాడీకి తగిలింది. బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి మన పక్కనే ఉన్నా, ఒక కారు బ్యాటరీ షార్టులోకి వందల ఆంపియర్లు కుమ్మరించగలదన్న సంగతి మనకు పెద్దగా తట్టదు.

ఎప్పుడు పోయిందన్నది ఇంకో ఆధారం. తాళం ఆన్‌లో పెట్టగానే పోతే తప్పు సోలెనాయిడ్ వరకు రాకముందే ఉంది. స్టార్ట్‌కు తిప్పినప్పుడే పోతే రిలే నుంచి సోలెనాయిడ్ దాకా చూడాలి. వేడెక్కినప్పుడే పోవడం మూడో రకం, కొండకు తిరిగే బండ్లలో దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. రెండో ఘాట్ రోడ్డంతా చిన్న గేర్లలో ఎక్కి, తిరుమలలో ఆపి, పది నిమిషాలకు మళ్లీ తాళం తిప్పుతారు. ఇంజిన్ ఆగాక గాలి తగలదు, ఆ వేడంతా పక్కనున్న సెల్ఫ్‌కు పాకుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి వెళ్తే మంచి చుట్ట దాదాపు ఐదో వంతు తక్కువ కరెంటు తీసుకోవాలి. తక్కువ తీసుకోవాల్సిన చోట ఫ్యూజు పోతోందంటే, తీగ మీది పూత దెబ్బతిని చుట్టలు ఒకదానికొకటి తగులుతున్నాయని, లేదా ఎగ్జాస్టు పక్కన వైరు తొడుగు మెత్తబడి లోహానికి అంటుకుంటోందని అనుమానించాలి.

షార్టు వెతకడానికి ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయనక్కర్లేదు. పాత హెడ్‌లైట్ బల్బు చాలు. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. లావు కేబుల్‌కు ఫ్యూజు లేదన్నాం కదా, స్పానరు తగిలితే నిప్పులు రాలతాయి. సోలెనాయిడ్‌కు వచ్చే సన్నటి వైరు ఊడదీసి, కొసకు టేపు చుట్టి, నెగటివ్ తిరిగి బిగించండి. ఫ్యూజు స్థానంలో బల్బు తగిలించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకరిని క్లచ్ తొక్కి తాళం తిప్పి పట్టుకోమనండి. 55 వాట్ల బల్బు 5 ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి వైరుకు ప్రమాదం లేదు. బల్బు భగ్గున వెలిగితే దారిలో షార్టు ఉన్నట్టే. ఇక వైరును జానెడు జానెడు కదుపుతూ పోతే, దెబ్బతిన్న చోట బల్బు మిణుకుమంటుంది. వెలగకపోతే అప్పటికి వైరులో షార్టు లేనట్టే, అనుమానం సోలెనాయిడ్ మీదికి మళ్లాలి.

మల్టీమీటరుతో మాత్రం తొందరపడొద్దు. వైరు సోలెనాయిడ్‌కు తగిలించి ఉండగా బజర్ పెడితే మంచి బండిలో కూడా కుయ్యిమంటుంది, ఎందుకంటే ఆ రెండు చుట్టలు కలిసి చూపే నిరోధమే ఓమ్ కంటే తక్కువ. దాన్నే షార్టనుకుని వైరింగంతా విప్పేసేవాళ్లున్నారు. మామూలు మల్టీమీటరు 10 ఆంపియర్లకే పరిమితం, ఫ్యూజు బదులు దాన్ని పెట్టకూడదు. వైరు విప్పకుండా దాని చుట్టూ పట్టించి డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు దొరికితే మేలు.

వైరు దెబ్బతినే చోట్లు కొన్ని అందరికీ తెలిసినవే. బ్యాటరీ ట్రే కింది అంచు, గేరుబాక్సు పక్కన క్లిప్పు ఊడిన చోటు, తర్వాత బిగించిన అలారం కోసం తాళం కింద వైరు గీకి టేపు చుట్టిన అతుకు. రోజుల తరబడి కదలని బండిలో ఎలుకలు కొరికిన గుర్తులు కూడా చూడాలి. అతుకును టేపుతో సరిపెట్టకుండా టంకం పెట్టి, స్లీవు తొడిగి, ఎగ్జాస్టుకు దూరంగా క్లిప్పు వేయించండి. కాంటాక్టులు మాడిన సోలెనాయిడ్‌కు మొత్తం సెల్ఫ్ మార్చాలని ఎవరైనా అంటే, విప్పి ఆ రాగి బిళ్లలు చూపించమని అడగండి. చాలా మోడళ్లలో సోలెనాయిడ్ విడిగా దొరుకుతుంది, కొన్నింటికి కాంటాక్టులు కూడా విడిగా వస్తాయి.