ఊరి చివర ఇల్లు నిజంగా చవకేనా? అపోహలు – వాస్తవాలు

మొదటి ఇల్లు కొనేవాళ్లు ఏరియా గురించి ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "చదరపు అడుగు ఎక్కడ తక్కువ?" ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు కాబట్టి ఆ భయం అర్థమవుతుంది. కానీ ఎక్కువమంది నష్టపోయేది కూడా ఆ ప్రశ్న దగ్గరే.

అపోహ: ఎంత దూరం వెళ్తే అంత చవక.

వాస్తవం: దూరం వెళ్తే తగ్గేది ఇంటి ధర. అక్కడ బతకడానికయ్యే ఖర్చు తగ్గుతుందన్న హామీ లేదు. ఇంటి వాయిదా, రాకపోకల ఖర్చు ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి కూడండి. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదన్న సూత్రం చాలామందికి తెలుసు. ప్రయాణం కూడా కలిపితే 45 శాతం దాటకూడదన్న కొలత ఇంకా పనికొస్తుంది.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే లక్ష అప్పుకు నెల వాయిదా దాదాపు 900. డబ్బు ఏ దేశానిదైనా లెక్క ఇదే. అంటే దగ్గరగా ఉండటం వల్ల ప్రయాణంలో నెలకు 9,000 మిగిలితే, పది లక్షలు ఎక్కువ అప్పు చేసి దగ్గర కొన్నా నెలనెలా చేతినుంచి పోయేది అంతే. పైగా అప్పు ఇరవయ్యో ఏట తీరిపోతుంది, పెట్రోలు ఖర్చు తీరదు. ఒక్క ఇబ్బంది ఉంది. బ్యాంకు మీ ఆదాయం చూస్తుంది గానీ ప్రయాణంలో మిగిలేది చూడదు. ధర పెరిగితే చేతినుంచి పెట్టాల్సిన మొదటి వాటా కూడా పెరుగుతుంది. అందుకే ఎంత అప్పు వస్తుందో ముందు బ్యాంకులో తేల్చుకుని, ఆ తర్వాతే ఏరియాలు తిరగండి.

ప్రయాణం ఖర్చంటే పెట్రోలు ఒక్కటే అనుకోకండి. దూరం వెళ్లాక రెండో బండి తప్పదు. దాని వాయిదా, ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు, పార్కింగు అన్నీ రాయండి. సమయమూ రాయండి. ఒక వైపు 45 నిమిషాలు పెరిగితే, నెలకు 22 పనిదినాల్లో 33 గంటలు రోడ్డు మీదే పోతాయి. అంటే నాలుగు పూర్తి పనిదినాలు. ఇంట్లో ఇద్దరు ఉద్యోగులుంటే ఇద్దరికీ విడివిడిగా లెక్కేయాలి. ఒకరి ఆఫీసుకు దగ్గరైన ఏరియా ఇంకొకరికి నరకం కావచ్చు.

బ్రోకరు ఆదివారం మధ్యాహ్నం చూపించే దారిని నమ్మకండి. సోమవారం ఉదయం ఆ వీధిలోంచి ఆఫీసుకు బయల్దేరండి, సాయంత్రం తిరిగి అక్కడికే రండి. వానపడిన రోజు ఇంకోసారి వెళ్లిచూడండి. "స్టేషనుకు ఐదు నిమిషాలు" అన్నది ఖాళీ రోడ్డు మీద బండి లెక్క. నడకైతే పది నిమిషాలకు దాదాపు 800 మీటర్లే.

అపోహ: కొత్త రైలు లైను వస్తోంది, ఇప్పుడు కొంటే రెట్టింపవుతుంది.

వాస్తవం: ఆ వార్త మీకంటే ముందు అమ్మేవాడికి తెలుసు, ధరలో ఎప్పుడో కలిపేశాడు. భూసేకరణ పూర్తయిందా, స్తంభాలు లేచాయా అన్నదే చూడండి. ఇంటి ధరను ఏడాది అద్దెతో భాగించండి. పక్క ఏరియాలో 25 వచ్చి ఇక్కడ 45 వస్తే, ఇక్కడ కొనిపెట్టుకున్నవాళ్లే తప్ప కాపురముండేవాళ్లు తక్కువని అనుమానించాలి. రాత్రి ఎనిమిదింటికి వెళ్లి ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. మనుషులు లేనిచోట దుకాణాలూ బస్సులూ త్వరగా రావు. ఇలాంటిచోట కొనడం కంటే, ఖరీదైన ఏరియాను ఆనుకుని రైలు పట్టాలకు అవతల ఉన్న పాత వీధుల్లో వెతకడం మేలు. స్టేషను అదే, దవాఖానా అదే. అక్కడ పాత అపార్టుమెంటు తీసుకుంటే లిఫ్టు, నీటి పైపులు, పైకప్పు చూడండి. మరమ్మతు నిధిలో ఎంత ఉందో సంఘాన్ని అడగండి.

అపోహ: ఇక్కడ నీళ్లు నిలవవు, అందరూ చెప్పారు.

వాస్తవం: అందరూ ఎవరు? గ్రౌండ్ ఫ్లోరులో అద్దెకున్నవాళ్లను అడగండి, వాళ్లకు దాచాల్సిన పని లేదు. ప్రహరీ గోడ మీద తేమ గీత, నడుము ఎత్తు వరకే కొత్త రంగు, తల ఎత్తున బిగించిన కరెంటు మీటరు, గుమ్మం ముందు తర్వాత కట్టిన రెండు మెట్లు కనిపిస్తే ఆగి ఆలోచించండి. రోడ్డు ఇంటి నేల కంటే ఎత్తుగా ఉంటే వాననీరే కాదు, డ్రైనేజీ నిండినప్పుడు మురుగు కూడా కింది బాత్రూముల్లోంచి వెనక్కి తంతుంది.

అపోహ: బ్యాంకు లోన్ ఇచ్చిందంటే కాగితాలు క్లియరే.

వాస్తవం: బ్యాంకు తన డబ్బు కోసం చూసుకుంటుంది. మీ కోసం మీ లాయరు చూడాలి.

అపోహ: ఇవాళ అడ్వాన్సు ఇవ్వకపోతే ఇల్లు చేజారిపోతుంది.

వాస్తవం: "వేరే పార్టీ రెడీగా ఉంది" అన్న మాటకు కంగారుపడకండి. కాగితాల్లో లోపం తేలినా, లోన్ రాకపోయినా అడ్వాన్సు మొత్తం ఫలానా తేదీలోగా వాపసు ఇస్తామని రసీదులో రాయించుకోండి. రాయమంటే నసిగితే ఆ రోజు డబ్బు ఇవ్వకండి.