ఆ పాట వాళ్లది కాదు బాస్! కవర్ పాటలపై అపోహలు, వాస్తవాలు

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల్లో ఇంగ్లిష్ కవర్లు (వేరేవాళ్లు ముందే పాడిన పాటలు) వాయించే బ్యాండ్‌లో నేను గిటారిస్టుని. బ్రేక్‌లో టేబుళ్ల దగ్గర తరచూ వినపడే మాటలు ఇవి.

అపోహ: ‘రెడ్ రెడ్ వైన్’ బ్రిటిష్ బ్యాండ్ యూబీ40 వాళ్లదే. జమైకా సంగీతమైన రెగ్గే కదా, పుట్టిల్లు జమైకానే అయ్యుంటుంది.

వాస్తవం: రాసి, 1967లో మొదట పాడింది న్యూయార్క్ మనిషి నీల్ డైమండ్. అందులో రెగ్గే వాసనే లేదు, నింపాదిగా సాగే దిగులు పాట. అమెరికా చార్టులో 1968లో 62 దాకా వెళ్లి ఆగిపోయింది. మరుసటేడు టోనీ ట్రైబ్ అనే జమైకా గాయకుడు దాన్ని రెగ్గేలో పాడాడు. బ్రిటన్‌లో అది 46 దాటలేదు. యూబీ40 కుర్రాళ్ల చెవిన పడింది ఈ రికార్డే. దాని మీద ‘ఎన్. డైమండ్’ అని చూసి ఎవరో జమైకా ఆయన అనుకున్నారట! 1983లో వాళ్ల వెర్షన్ బ్రిటన్‌లో నంబర్ వన్. అమెరికాలో మొదట 34 దగ్గర ఆగి, 1988లో నంబర్ వన్ అయింది. ఆ తర్వాత నీల్ డైమండే కచేరీల్లో రెగ్గే పద్ధతిలో పాడాడు. టోనీ ట్రైబ్ రికార్డును ఎవరైనా ఫ్లాప్ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: కవర్ హిట్టయితే డబ్బంతా పాడినవాళ్లకే.

వాస్తవం: రచన రాయల్టీ రాసినవాళ్లకే పోతుంది. ‘టెయింటెడ్ లవ్’ ఎడ్ కాబ్ రాశాడు. గ్లోరియా జోన్స్ పాడితే 1965లో బి సైడ్‌గా, అంటే రికార్డుకు రెండో వైపు పాటగా వచ్చి, చార్టు మొహమే చూడలేదు. 1970ల్లో ఉత్తర ఇంగ్లండ్ డాన్స్ క్లబ్బుల డీజేలు దాన్ని బతికించారు. 1981లో సాఫ్ట్ సెల్ అనే బ్రిటిష్ జంట దాన్ని పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ కొట్టింది. పాపం, రెండో వైపు కూడా సుప్రీమ్స్ అనే అమెరికన్ బృందం పాటే వేసుకున్నారు. అక్కడ సొంత పాట పెట్టుకుని ఉంటే, రికార్డు అమ్ముడైనప్పుడల్లా రచన రాయల్టీలో వాళ్లకూ వాటా వచ్చేది.

‘ఒరిజినలే ఎప్పుడూ బెస్ట్’ అనేవాళ్లకు ‘రెస్పెక్ట్’ వినిపిస్తాను. ఓటిస్ రెడింగ్ సొంత పాట, 1965లో పాప్ చార్టులో 35. ఇప్పుడు పబ్బంతా గొంతు కలిపే ‘ఆర్-ఈ-ఎస్-పీ-ఈ-సీ-టీ’ అనే అక్షరాల వరస అందులో లేదు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ చేర్చింది. ఇక నటాలీ ఇంబ్రూలియా పాటగా అందరికీ తెలిసిన ‘టోర్న్’ మొదట 1993లో డేనిష్ భాషలో రికార్డయిందని చెప్తే ఎవరూ నమ్మరు, ఫోన్లు తీస్తారు.

అపోహ: వీడియో కింద డిస్క్రిప్షన్‌లో అసలు వాళ్ల పేరు వేసి క్రెడిట్ ఇస్తే చాలు, కవర్ రిలీజ్ చేసేయొచ్చు.

వాస్తవం: కొత్త బ్యాండ్ల పిల్లలూ, క్రెడిట్ వేరు, అనుమతి వేరు. హక్కుదారు ఒప్పుకోకపోయినా కవర్ రికార్డు చేసే వీలు మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కింద ఉంది, 2012 సవరణతో వచ్చింది. కానీ మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ అడ్వాన్సుగా కట్టాలి. సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప పాటను మార్చకూడదు. తెలుగు మాటలు కట్టి పాడాలనుకుంటే దానికి హక్కుదారు దగ్గర విడిగా అనుమతి తెచ్చుకోవాల్సిందే.