దీపానికి ప్రాణం లేదు, గింజకు ఉంది

సజీవుల లక్షణాలు బడిలో అందరమూ కంఠతా పట్టినవే: కదలిక, ఆహారం, శ్వాసక్రియ, విసర్జన, పెరుగుదల, ప్రత్యుత్పత్తి. ఆ జాబితాతో వెలుగుతున్న దీపం ముందు కూర్చుంటే చిక్కు మొదలవుతుంది. దీపశిఖ నూనెను ఖర్చు చేస్తుంది, ఆక్సిజన్‌ను వాడుకుని కార్బన్ డయాక్సైడ్‌ను విడుస్తుంది, పక్కనున్న వత్తికి అంటుకుని తనలాంటి మరో శిఖను పుట్టిస్తుంది. డబ్బాలో ఎండి పడి ఉన్న గింజ వీటిలో ఒక్కటీ చేస్తున్నట్టు కనిపించదు. అయినా ప్రాణం ఉన్నది గింజకే. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట శిథిలాలలో దొరికిన, సుమారు 2,000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజ 2005లో మొలకెత్తింది. ఇక గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచర గాడిద దాదాపు ఎన్నడూ పిల్లలను కనదు. అంతమాత్రాన దానిని రాళ్లలో కలిపేయలేము.

తేడా బయటి చేష్టలలో లేదు, లోపలి ఏర్పాటులో ఉంది. శిఖకు తన రూపాన్ని నిర్ణయించే సమాచారమేదీ లోపల లేదు కనుక నూనె, వత్తి, గాలి ఎలా ఆడిస్తే అలా ఆడుతుంది. గింజ మాత్రం కణాలతో కట్టినది. వాటిలో పొరలున్నాయి, డీఎన్ఏ ఉంది, నీరు తగలగానే ఆ డీఎన్ఏలోని సమాచారాన్ని చదివి పని మొదలుపెట్టగల సరంజామా అంతా ఉంది.

ఈ కొలబద్దకు కూడా లొంగనిది వైరస్. 1935లో అమెరికా శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ, మొజాయిక్ తెగులు సోకిన పొగాకు మొక్కల రసం నుంచి తెగులు కారకాన్ని సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా వేరుచేశాడు. ఉప్పులా సీసాలో దాచుకోదగిన ఆ పదార్థాన్ని నీటిలో కరిగించి ఆరోగ్యంగా ఉన్న ఆకుపై రుద్దితే మళ్లీ తెగులు పుట్టింది, ఆ మొక్క నుంచి మళ్లీ అవే స్ఫటికాలు వచ్చాయి. స్టాన్లీ దానిని వట్టి ప్రోటీన్ అనుకున్నాడు. అందులో డీఎన్ఏలాగే సమాచారాన్ని మోసే ఆర్ఎన్ఏ అనే పదార్థం కూడా ఉందని మరుసటి ఏడాది బాడెన్, పిరీ అనే పరిశోధకులు చూపారు. స్టాన్లీకి 1946లో నోబెల్ బహుమతి దక్కింది రసాయన శాస్త్రంలో. సీసాలో ఉన్నంతసేపు అది రసాయనమే కాబట్టి నాకది సబబుగానే తోస్తుంది.

సజీవులను తమలో తాము విడదీసే పని కూడా ఇంత సులువుగా తెమలలేదు. స్వీడన్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1735లో ‘సిస్టమా నాచురే’ అనే గ్రంథంలో ప్రకృతినంతా ఖనిజాలు, మొక్కలు, జంతువులు అనే మూడు రాజ్యాలుగా పంచాడు. ఆయనే మొదట చేపలలో పెట్టిన తిమింగలాన్ని ఆ గ్రంథపు 1758 నాటి పదో ముద్రణలో క్షీరదాలలోకి మార్చాడు. నిలవ నీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కోసారి యూగ్లీనా కనిపిస్తుంది: కదురు ఆకారం, పచ్చని ఒళ్లు, ఒక కొసన ఎర్రని చుక్క, కొరడాలా ఆడే కశాభం. వెలుతురులో అది మొక్కలా ఆహారం తయారుచేసుకుంటుంది. చీకటిలో ఉంచితే నీటిలోని సేంద్రియ పదార్థాన్ని పీల్చుకుని బతుకుతుంది. దీనిని ఏ రాజ్యంలో వేయాలి? ఇలాంటి వాటికోసమే జర్మన్ జీవశాస్త్రవేత్త హేకెల్ 1866లో ప్రొటిస్టా అనే మూడో జీవరాజ్యాన్ని ప్రతిపాదించాడు. 1969లో అమెరికా శాస్త్రవేత్త విట్టేకర్ అయిదు రాజ్యాల పద్ధతిలో శిలీంధ్రాలకు వేరే రాజ్యమిచ్చాడు. నేలలో పాతుకుని ఉంటుంది కనుక మొక్కగా చెలామణి అయిన పుట్టగొడుగు నిజానికి మొక్కల కన్నా జంతువులకే దగ్గరి చుట్టం.

రూపాన్ని పక్కనపెట్టి చుట్టరికాన్నే కొలిచే పని అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఊస్ చేశాడు. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములు ప్రతి కణంలోనూ ఉంటాయి, వాటిలోని ఆర్ఎన్ఏ తరతరాలకూ చాలా నెమ్మదిగా మారుతుంది. రెండు జీవులలో ఆ ఆర్ఎన్ఏ అక్షరాలను పోల్చితే అవి ఎంత దూరపు బంధువులో తెలుస్తుంది. 1977లో ఊస్, ఆయన సహ పరిశోధకుడు జార్జ్ ఫాక్స్ మీథేన్‌ను విడుదల చేసే కొన్ని సూక్ష్మజీవులను ఇలా పరీక్షించారు. చూపుకు అచ్చం బాక్టీరియాలాగే ఉన్న ఆ జీవులు ఆర్ఎన్ఏ లెక్కలో ఇతర బాక్టీరియాకు ఎంతో దూరంగా తేలాయి. వాటినే ఇప్పుడు ఆర్కియా అంటున్నాము.

ఈ కొలతకు చిక్కనిది మళ్లీ వైరసే. 1992లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో న్యుమోనియా మూలాన్ని వెతుకుతూ ఒక శీతలీకరణ గోపురపు నీటిని పరీక్షించినప్పుడు, అమీబాలలో గుండ్రని బాక్టీరియా లాంటిది ఒకటి దొరికింది. మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించేంత పెద్దది కావడంతో దానికి బాక్టీరియా పేరే పెట్టారు. ఏ బాక్టీరియానో తేల్చడానికి రైబోజోమ్ ఆర్ఎన్ఏ జన్యువు కోసం ఎంత గాలించినా దొరకలేదు. అది మిమివైరస్ అనే భారీ వైరస్ అని 2003లో ప్రకటించారు. దానికి రైబోజోములే లేవు.