గంజాం తీరం: వేట నిషేధం వెనక ఉన్న పాత కథ

ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది మొగ ముందు, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా ట్రాలర్లు (వల ఈడ్చుకుపోయే పెద్ద ఇంజను బోట్లు), మోటారు బిగించిన పడవలు వేటకు వెళ్లకూడదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అది. ఈ నిషేధం మీద మాట వచ్చినప్పుడల్లా తాబేలు ఒక పక్క, జాలరి ఒక పక్క నిలబడినట్టు రాస్తుంటారు. గొఖరకుద, పురుణబంధ, పొడంపేట ఊళ్లవాళ్లే రాత్రిళ్లు ఇసుకలో తిరిగి గుడ్లకు కాపలా కాస్తారని తెలిసినవాళ్లు అలా రాయలేరు. ఈ తగువుకు మూలం తాబేళ్లలో లేదు. ఈ తీరం గురించి నిర్ణయాలు ఎవరు చేస్తూ వచ్చారన్న దాంట్లో ఉంది.

గంజాం జిల్లాకు సుమారు 60 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. దక్షిణాన ఇచ్ఛాపురం పక్కగా పారి వచ్చే బాహుదా సోనాపురం దగ్గర కడలిలో కలుస్తుంది. ఉత్తరాన ఋషికుల్య, దాని తర్వాత చిలికా. మధ్యలో ఓడ ఆగడానికి వీలైన అఖాతం ఒక్కటీ లేదు. నేరుగా కెరటం ఒడ్డును కొట్టే చోటు ఇది. ఈ కెరటాల మీద పడవ నడపగలిగినవాళ్లు వాడబలిజలు, జాలర్లు. ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, గంగమ్మను కొలుస్తారు. ఒడియావాళ్లు వీళ్లను నోలియాలంటారు. పూరీలో పెంటకోట దాకా వీళ్ల ఊళ్లు కనిపిస్తాయి.

ఇక్కడి సముద్ర వ్యాపారం చాలా పాతది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టోలెమీ రాతల్లో పలౌర అన్న ఊరి ప్రస్తావన ఉంది. అది ఋషికుల్య మొగకు దగ్గరలోని పలూరేనని, తూర్పు దీవులకు పోయే ఓడలు ఆ ప్రాంతం నుంచే తీరం విడిచేవని చరిత్రకారులు చెబుతారు. ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక గంజాం పట్టణంలో కోట కట్టి పాలన పెట్టారు. 1815లో విషజ్వరం ఆ ఊరిని ఊడ్చేసింది. కచేరీలు తరలిపోయాయి, ఊరు మళ్లీ కోలుకోలేదు.

కంపెనీ కన్ను మాత్రం ఉప్పు మీదే ఉండేది. హుమ్మ, సుర్ల ఉప్పుమళ్ల సరుకు ఎద్దుల మీద కొండలు దాటి మధ్య పరగణాలకు పోయేది. ఉప్పు తీసేది ఒడ్డునున్నవాళ్లు, దాని మీద హక్కూ పన్నూ సర్కారువి. 1930 ఉప్పు సత్యాగ్రహం హుమ్మకు కూడా రావడం అందుకే. 1866 కరువు తర్వాత, ఆ శతాబ్దం చివరికి, ఋషికుల్య కాలువలు తవ్వారు. అవి లోపలి పొలాలను పండించాయి. వేట ఊళ్లకు వాటితో ఒరిగింది ఏమీ లేదు.

గోపాల్‌పూర్ వైభవం కూడా ఇలాంటిదే. రేవు కాని రేవు అది. స్టీమర్లు దూరాన లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్నీ బస్తాల్నీ కెరటాలు దాటించేవారు. మేకుల పడవ ఆ దెబ్బలకు విడిపోతుంది. కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. ఆ పడవలు కుట్టిందీ నడిపిందీ ఇక్కడి తెలుగు జాలర్లే. వాళ్ల భుజాల మీదుగానే గంజాం, విశాఖ జిల్లాల కూలీలు వేలాదిగా రంగూన్ బియ్యం మిల్లులకు, రేవులకు వెళ్లారు. 1942లో జపాన్ బర్మాను ఆక్రమించడంతో ఆ దారి మూసుకుపోయింది. రేవు పడుకుంది. బర్మా నుంచి డబ్బు రావడం ఆగిపోయిన ఇళ్లు ఎన్నో.

అంతకు ఆరేళ్ల ముందే, 1936 ఏప్రిల్ 1న, ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, ఛత్రపురం అటు వెళ్లాయి. ఇచ్ఛాపురం మద్రాసు ప్రెసిడెన్సీలో మిగిలింది. ఆ గీత గురించి బరంపురంలో తెలుగు, ఒడియా పెద్దలు చాలానే వాదించుకున్నారు. వి.వి.గిరి పుట్టిన ఊరది, చదువుకున్న తెలుగు కుటుంబాలు బలంగా ఉన్న ఊరు. ఆ వాదనల్లో నగరం ఉంది, జమీన్లు ఉన్నాయి, కోర్టు భాష ఉంది. వేట ఊళ్ల మాట వినబడదు. నా దృష్టిలో ఆనాటి లోటు ఇంకా తీరలేదు. సర్కారు కాగితం ఒడియాలో వస్తుంది, ఇంట్లో మాట తెలుగు; ఇసుక మీద తరాలుగా ఉన్న ఇంటికి పట్టా లేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1980ల నుంచి తీరానికి గిరాకీ పెరిగింది. ఛత్రపురం ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ ఖనిజాలు ఉన్నాయి కాబట్టి వాటిని తవ్వే ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ వచ్చింది. గోలబంధ దగ్గర సైన్యానికి ఫైరింగ్ రేంజి ఉంది. 1987లో గోపాల్‌పూర్ రేవును మళ్లీ తెరిచారు, 2006లో ప్రైవేటు చేతికి ఇచ్చారు, 2024లో అది అదానీ సంస్థకు వెళ్లింది. ఇసుక నేలల్లో మొగలి పూల నుంచి అత్తరు తీసే బట్టీలు కూడా ఉన్నాయి. గంజాం మొగలికి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది. దాని ఆదాయం తోటలున్న రైతుకూ అత్తరు వ్యాపారికీ తప్ప సముద్రం మీద బతికేవాడికి అందదు.

ఇసుక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నైరుతి కాలంలో కెరటాలు ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా నడుస్తుంది. సముద్రంలోకి రాతికట్ట వేస్తే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. గోపాల్‌పూర్ రేవు కట్టల దగ్గర జరిగింది అదే. దీనికి తోడు ఋషికుల్య మొగ తనంతట తాను జరుగుతూ ఉంటుంది. పొడంపేటలో ఇళ్లు సముద్రంలో కలిశాయి, ఊరు లోపలికి తరలింది. రేవుకు దక్షిణాన ఉన్న రామయ్యపట్నం కూడా కోతకు గురైంది కాబట్టి తప్పంతా రేవు మీదే వేయలేం. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే ఫైలిన్ తుఫాను తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చింది. పడవలు పగిలాయి, వలలు పోయాయి, మళ్లీ కొనడానికి అప్పులు చేశారు.

ఋషికుల్య తాబేళ్ల గురించి శాస్త్రవేత్తలకు తెలిసింది 1994లో. ఆ తర్వాత వచ్చిన కట్టుబాట్లు కర్ర తెప్పకు కాదు, ఇంజన్‌కు పెట్టినవి. అప్పటికే చాలామంది తెప్పలు వదిలి ఫైబర్ పడవకు మోటారు బిగించుకున్నారు, ఎందుకంటే ట్రాలర్లు దగ్గరి చేపను ఊడ్చేశాయి. ట్రాలర్‌ను అడ్డుకోవాల్సిన నిషేధం చిన్న పడవకూ తగిలింది. నిషేధ నెలల్లో కవళ్లు, నెత్తళ్లు ఎండబెట్టి అమ్మే ఆడవాళ్ల చేతికి సరుకు తగ్గుతుంది. కుర్రాళ్లు కేరళ, మంగళూరు, పారాదీప్ బోట్ల మీద కూలికి పోతారు. తమ సముద్రం పక్కన ఉండగా వేరేవాళ్ల బోటులో పనిచేయడం వాళ్లకు కష్టంగానే ఉంటుంది.

తాబేలును కాపాడాలన్న దాని మీద ఈ ఊళ్లలో గొడవ లేదు. వాళ్లు అడుగుతున్నవి వేరు. నిషేధం మొదలయ్యే నవంబరుకే సర్కారు సాయం చేతికి రావాలి, ట్రాలర్లను నిజంగా ఆపాలి, చిన్న పడవకు వేరే లెక్క ఉండాలి. విశాఖలో రేవు తవ్విన ఇసుకను బీచ్‌కు తెచ్చి పోస్తున్నారు. గోపాల్‌పూర్ ఉత్తరాన కూడా ఆ పని చేయాలి. రేవు విస్తరణ మీద ప్రజాభిప్రాయం అడిగేటప్పుడు కాగితాలు తెలుగులో ఇవ్వాలి, సభ ఒడ్డునున్న ఊళ్లో పెట్టాలి.